ట్రాన్స్‌జెండర్ కళాకారుల సాయంత్రం: పారితోషికం ఎంత, ప్రసంగాలు ఎన్ని?

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసి, హన్మకొండలో మా కాలనీ సంక్షేమ సంఘానికి సాంస్కృతిక కార్యదర్శిగా ఉన్నాను. మా పక్క వీధిలో అద్దెకు ఉంటూ పిల్లలకు కూచిపూడి నేర్పుతున్న ఒక ట్రాన్స్ మహిళ, తనకు తెలిసిన మరికొందరు ట్రాన్స్‌జెండర్ కళాకారులతో కలిసి మా కమ్యూనిటీ హాలులో ఒక సాయంత్రం ప్రదర్శన ఇస్తామని అడిగారు. పాటలు, నృత్యం, మిమిక్రీ, ఒక చిన్న నాటిక ఉంటాయట. నాకు ఎంతో నచ్చింది. కార్యవర్గంలో సగం మంది మాత్రం, ఇది రికార్డింగ్ డ్యాన్సుగా మారుతుందని, పిల్లలు చూడరాదని, పోలీసులతో ఇబ్బంది వస్తుందని అంటున్నారు. ఒప్పుకున్నవారేమో, అవకాశం ఇవ్వడమే గొప్ప కాబట్టి డబ్బు అక్కరలేదని, శాలువా కప్పితే చాలని అంటున్నారు. నేను ఈ కార్యక్రమానికి ‘సమాజం మరచిన బిడ్డల సంధ్య’ అని పేరు పెట్టి, ఒక్కొక్కరిచేత వారి జీవితకథ చెప్పించి, ఎమ్మెల్యే గారితో సత్కారం చేయించాలని అనుకుంటున్నాను. చట్టపరంగా అభ్యంతరాలు ఉంటాయా? అల్లరి చేసేవారిని ఎలా ఆపాలి? నాకు తోచని విషయాలు ఏమైనా ఉంటే చెప్పగలరు.

సమాధానం: కార్యదర్శి గారికి నమస్కారం.

ముందుగా సూటిగా చెప్పి, ఆ తరువాత వివరాలలోకి వెళతాను. మీ ప్రదర్శనకు చట్టం అడ్డు కాదు. కళాకారులకు డబ్బు ఇవ్వాలి, అది కూడా ఉగాదికి మీరు పిలిచే బృందాలకు ఇచ్చినంత ఇవ్వాలి. ఇక మీరు ఇష్టంగా ఆలోచించి పెట్టుకున్న పేరును, జీవితకథలను, సత్కారాన్ని మాత్రం దయచేసి పక్కన పెట్టండి. ఈ చివరి మాట మీకు కొంత కష్టంగా తోచవచ్చు. అందుకు కారణాలు కిందనే ఉన్నాయి.

పోలీసుల భయం ఊరికే పుట్టింది కాదు. మీ ఊరు నిజాం ఏలుబడిలో ఉన్న కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాదు సంస్థానం నపుంసకుల చట్టం ఒకటి చేసింది. ఆ చట్టం కింద రిజిస్టరులోకి ఎక్కిన వ్యక్తి ఆడవారి దుస్తులతో, నగలతో వీధిలో కనిపించినా, బహిరంగ స్థలంలో నాట్యం చేసినా, వాద్యం వాయించినా, నలుగురి ముందు ఏ వినోద ప్రదర్శనలో పాల్గొన్నా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ళ వరకు జైలుశిక్ష వేయవచ్చు. బ్రిటిషు ఇండియాలో 1871 నాటి నేరస్థ తెగల చట్టం రెండవ భాగంలో కూడా ఇటువంటి నిబంధనలే ఉండేవి. ఆ చట్టం స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది ఏళ్ళకే పోయింది గాని, హైదరాబాదు చట్టం మాత్రం రాష్ట్రాల పేర్లు మారినప్పుడల్లా తన పేరూ మార్చుకుంటూ పుస్తకాలలో అలాగే నిలిచిపోయింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్తలు వేసిన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2023 జులైలో అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. మీ పక్క వీధి గురువుగారు గజ్జె కట్టి నలుగురి ముందు ఆడడాన్ని జైలుశిక్షకు తగిన నేరంగా చూసిన చట్టం ఒకటి మొన్న మొన్నటి దాకా మన రాష్ట్రంలో ఉండేదన్నమాట. కార్యవర్గ సమావేశంలో ముందుగా ఈ సంగతి చెప్పండి. పెద్దవారి మనసులోని సందేహం ఎక్కడి నుంచి వచ్చిందో వారికే తెలిసివస్తుంది.

ఇప్పటి స్థితి వేరు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులన్నీ వర్తిస్తాయని తీర్పు చెప్పింది. 2020 జనవరి 10 నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి కేంద్ర చట్టం, ప్రజలందరికీ అందుబాటులో ఉన్న సేవలను, స్థలాలను వారికి నిరాకరించడాన్ని నిషేధించింది. హాలును పెళ్ళిళ్ళకు, పుట్టినరోజులకు అద్దెకు ఇస్తూ, వీరు ట్రాన్స్‌జెండర్లు కాబట్టి వీరికి ఇవ్వబోమని సంఘం తీర్మానం రాసుకుంటే, ఇబ్బంది వచ్చేది ఆ తీర్మానం వల్లనే గాని ప్రదర్శన వల్ల కాదు. పోలీసు స్టేషనులో మీరు ఇవ్వవలసింది వినాయక చవితికి ఇచ్చే మైకు అర్జీ వంటిదే. రాత్రి 10 గంటల తరువాత లౌడుస్పీకరు వాడరాదన్న నియమం అందరికీ ఒకటే కాబట్టి, తొమ్మిదిన్నరకల్లా ముగిసేలా కార్యక్రమాన్ని అమర్చుకోండి.

రికార్డింగ్ డ్యాన్సు అభ్యంతరం దగ్గర కొంచెం ఆగుదాం. జాతరలలో, తిరునాళ్ళలో ట్రాన్స్ మహిళలు అటువంటి నృత్యాలు చేయడం నిజమే. వేరే వేదిక ఏదీ పిలవదు, పిలిచే వేదిక అదే కోరుతుంది. ఆడించేది నిర్వాహకులు, ఈల వేసేది ఊరి మగవారు, చెడ్డపేరు మాత్రం ఆడినవారిది. మీ కార్యవర్గం అటువంటిది వద్దనుకుంటే దానికి మార్గం సులభం: మీ వార్షికోత్సవంలో పాల్గొనేవారిని అడిగినట్లే వీరినీ ముందుగా పాటల జాబితా, అంశాల జాబితా అడగండి. కొలత మాత్రం అందరికీ ఒకటే ఉండాలి. వీరి జాబితాను భూతద్దం పెట్టి చూసే ముందు, నిరుడు వార్షికోత్సవంలో ఐదో తరగతి పిల్లలు ఏ సినిమా పాటలకు ఎటువంటి అభినయం పట్టారో, మనమంతా ఎలా చప్పట్లు కొట్టామో ఒక్కసారి గుర్తు చేసుకొమ్మని సభ్యులను కోరండి. ‘పిల్లలు చూడరాదు’ అన్న మాట అయితే నాకు అర్థమే కాలేదు. ఆ పిల్లలలో కొందరు వారం వారం ఆమె ఇంటికి వెళ్ళి అడుగులు నేర్చుకుంటున్నారు కదా! శ్రీరామనవమి నాడు వేములవాడ రాజన్న గుడిలో జరిగే కల్యాణానికి పిల్లలను తీసుకువెళ్ళే కుటుంబాలు మీ కాలనీలో లేకపోవు. అక్కడికి వచ్చే, శివుడికి అంకితమైన ‘శివపార్వతులు’ అనే భక్తులలో హిజ్రాలు కూడా ఉంటారు, అక్షింతలు చల్లుకుంటారు, వారిని చూసి ఏ పిల్లవాడూ చెడిపోలేదు.

సమావేశంలో ఎవరో ఒకరు స్థానం నరసింహారావు గారిని తప్పక తలుచుకుంటారు. ఆడవేషాలకు పేరు పొంది 1956లో పద్మశ్రీ అందుకున్న మహానటుడు ఆయన. సత్యభామగా రంగం మీదికి వచ్చి, ఇంట్లో ఆడవారు సైతం ఆ జడను, ఆ నడకను చూసి నేర్చుకునేలా చేసిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. తెలుగు ప్రేక్షకులకు ఇటువంటి దృశ్యం కొత్త కాదని చెప్పడానికి ఈ వాదం పనికివస్తుంది, వాడుకోండి. అయితే దానిని ఎక్కువ దూరం లాగకండి. వారు పురుషులు, వేషం కట్టి స్త్రీలుగా నటించారు, వేషం తీసి ఇంటికి వెళ్ళారు. మీ గురువుగారు వేషం వేయడం లేదు. ఆమె స్త్రీగానే వేదిక ఎక్కుతున్నారు, స్త్రీగానే ఇంటికి వెళతారు. వ్యాఖ్యాత ఉత్సాహంలో ‘స్త్రీవేషధారణలో మన ముందుకు వస్తున్న’ అని ఆమెను పరిచయం చేస్తే, అది పొగడ్త అనుకునేది ఆయన ఒక్కడే.

వీరిని ఏ స్థాయిలో చూడాలో తెలియాలంటే మన పొరుగు రాష్ట్రాల ఇద్దరు ట్రాన్స్ మహిళల వైపు చూడండి. మధురైలో పుట్టిన నర్తకి నటరాజ్ గారు తంజావూరు కిట్టప్ప పిళ్ళై గారి దగ్గర ఏళ్ళ తరబడి భరతనాట్యం అభ్యసించి, 2019లో పద్మశ్రీ అందుకున్నారు. బళ్ళారి ప్రాంతపు మంజమ్మ జోగతి గారు ఎల్లమ్మ భక్తులైన జోగతుల నృత్యాన్ని ఆడి, పాడి, కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు. ఆమె పద్మశ్రీ తీసుకునేందుకు రాష్ట్రపతి భవన్‌కు వెళ్ళినప్పుడు, పురస్కారం అందుకోబోయే ముందు తన చీర కొంగుతో రాష్ట్రపతికి దిష్టి తీసిన దృశ్యం దేశమంతా చూసింది. ఎల్లమ్మ మనకూ తల్లే కాబట్టి ఆ నృత్యం తెలంగాణ వారికి పరాయిది అనిపించదు. ఈ ఇద్దరికీ గౌరవం వచ్చింది వారి విద్యకు. మీ ప్రదర్శనలో కూడా ముందు నిలవవలసింది విద్యే.

అందువల్లనే పారితోషికం గురించి ఇంత పట్టుబడుతున్నాను. ‘అవకాశం ఇస్తున్నాం కదా’ అనే మాట కళాకారులకు కొత్త కాదు, ట్రాన్స్‌జెండర్ కళాకారులకు మరీ పాతది. దుకాణాల ముందు చేయి చాచడం మాని గౌరవంగా పని చేసుకోవచ్చు కదా అని వారికి నీతులు చెప్పే సమాజమే, పని చేస్తామని వస్తే ఉచితంగా చేయమనడం న్యాయంగా ఉందా? ఎంత ఇవ్వాలో మీకు తెలియకపోతే వారినే అడగండి. ఉగాదికి వచ్చిన సంగీత బృందానికి ఇచ్చిన మొత్తం మీ లెక్కల పుస్తకంలోనే ఉంటుంది, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి. కూచిపూడి దుస్తులు అద్దెకు దొరికినా, అవి ఎక్కువగా పదిహేనేళ్ళ అమ్మాయిల కొలతలతో ఉంటాయి. మీ కళాకారులకు కుట్టించవలసి రావచ్చు. మేకప్, రాకపోకలు, నాటికకు రిహార్సలు రోజుల ఖర్చు కూడా లెక్కలో చేర్చి, సగం ముందుగా ఇవ్వండి. మిగిలినది ఆ రాత్రే, వారు హాలు దాటకముందే చేతికి అందాలి. చెక్కు రాయదలిస్తే ముందుగా ఏకాంతంగా అడగండి, ఎందుకంటే కొందరికి బ్యాంకు ఖాతా ఇంకా పాత పేరుతోనే ఉంటుంది. ఆ పేరు కోశాధికారి నోట హాలులో వినిపించడం కంటే అవమానం వారికి వేరే ఉండదు. ప్రశంసాపత్రాల మీద, కరపత్రం మీద వారు చెప్పిన పేరే ఉండాలి.

ఇక జీవితకథల సంగతి. మీ ఉద్దేశం మంచిదని నాకు తెలుసు. సభలో కూర్చున్నవారి కళ్ళు చెమర్చితే మనసులు మారతాయని మీరు నమ్ముతున్నారు. కానీ ఆ కథ అడిగిన ప్రతిసారీ ప్రశ్నలు అవే: ఇల్లు ఎప్పుడు వదిలావు, నాన్న కొట్టాడా, ఆపరేషను అయిందా? వయొలిన్ విద్వాంసుణ్ణి పిలిచి కచేరీకి ముందు ఆయన విడాకుల గురించి మాట్లాడమని మనం కోరం. వీరిని కోరడానికి మనకు నోరెలా వస్తుంది? పైగా ఏడ్చి వచ్చిన గొంతుతో వెంటనే పాట పాడడం ఎంత కష్టమో పాడేవారిని అడిగితే చెబుతారు. పరిచయంలో వారి గురువు ఎవరో, ఎన్నేళ్ళు నేర్చుకున్నారో, ఆ రోజు ఏ అంశం, ఏ రాగం ప్రదర్శిస్తున్నారో చెప్పండి, అది చాలు. నాటికలో వారు తమ బతుకునే ఇతివృత్తంగా ఎంచుకుంటే అది వేరు. ఏది చెప్పాలో, ఏది దాచుకోవాలో అక్కడ వారి చేతిలో ఉంటుంది. ‘సమాజం మరచిన బిడ్డలు’ అన్న పేరు కూడా ఈ కారణం చేతనే వద్దంటున్నాను. వారిలో నలభై దాటినవారు ఉండవచ్చు, శిష్యులున్న గురువులు ఉన్నారు, బిడ్డలు అనిపించుకోవలసిన అవసరం వారికి లేదు. పేరు పెట్టే పని వారికే వదిలేయండి.

ఎమ్మెల్యే గారిని పిలవండి, తప్పు లేదు, కానీ మొదటి వరుసలో ప్రేక్షకులుగా కూర్చోబెట్టండి. మన సభలలో జ్యోతి ప్రజ్వలన అయ్యాక ప్రసంగాలు ముగిసేసరికి గజ్జెలు కట్టుకున్న కాళ్ళు వాచిపోవడం, ప్రదర్శన మొదలయ్యేసరికి ప్రేక్షకులు భోజనాలకు లేవడం నేను చాలాసార్లు చూశాను. ఒక స్వాగతం, చివర ఒక వందన సమర్పణ, అంతే. ఆయన మాట్లాడి తీరాలంటే ప్రదర్శన చూసిన తరువాత మాట్లాడమనండి. చూసినదాని గురించి మాట్లాడే అవకాశం ఉంటుంది.

మీకు తోచని విషయాలు చెప్పమన్నారు కాబట్టి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనవి వేదిక వెనుకనే ఉన్నాయి. కమ్యూనిటీ హాళ్ళలో వెనుక ఒకే గది ఉంటుంది, అందులో కుర్చీలు, వినాయకుడి పందిరి సామాను పేర్చి ఉంటాయి. దానిని ఖాళీ చేయించి, లోపలి నుంచి వేసుకునే గడియ, నిలువుటద్దం, మంచి వెలుతురు, ఫ్యాను ఏర్పాటు చేయండి. వీరికి కేటాయించిన మరుగుదొడ్డి ఏదో ముందుగానే చెప్పండి. ట్రాన్స్ మహిళలు ఆడవారి వైపు వెళితే ఎవరో ఒకరు గుమ్మం దగ్గర ఆపి గొడవ చేయడం ఇటువంటి చోట్ల తరచుగా జరిగేదే, ఆ గొడవ భయంతో సాయంత్రమంతా మంచినీళ్ళు కూడా తాగకుండా ఆడేవారు ఉంటారు. గది తలుపు దగ్గర కార్యవర్గంలోని ఒక పెద్దావిడ కూర్చుంటే చాలు, తొంగిచూసేవారు, సెల్ఫీలకు దూరేవారు ఆగిపోతారు.

సౌండు వారితో ఒక మాట ముందే మాట్లాడాలి. యుక్తవయసులో ఒకసారి మంద్రానికి దిగిన గొంతును స్త్రీ హార్మోన్లు తిరిగి పైకి తేలేవు. కాబట్టి ఒక ట్రాన్స్ గాయని సినిమాలో గాయని పాడిన పాటను ఎంచుకుంటే, బజారులో దొరికే ట్రాకు ఆమెకు అందనంత ఎత్తున ఉంటుంది. ఆడవారు సాధారణంగా ఐదు, ఐదున్నర శ్రుతిలో, మగవారు ఒకటి, ఒకటిన్నరలో పాడతారు. ఈమె రెండులోనో మూడులోనో హాయిగా పాడవచ్చు. ట్రాకును ఆ శ్రుతికి దించడం ఇప్పుడు కంప్యూటరులో నిమిషాల పని, కానీ ఆ పని ప్రదర్శన రోజు సాయంత్రం మైకు ముందు నిలబడి చేయించలేం. బృందంలో ట్రాన్స్ పురుషుడు (పుట్టినప్పుడు ఆడపిల్లగా లెక్కించినా పురుషుడిగా జీవిస్తున్న వ్యక్తి) ఉండి, టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను తీసుకోవడం మొదలుపెట్టి ఉంటే అతని గొంతు దిగుతున్న దశలో పగులుతూ ఉంటుంది, నిరుడు పాడిన శ్రుతి ఈ ఏడు పనికిరాకపోవచ్చు. అందుకే వారం ముందు ఒకసారి, అదే మైకులతో, అదే హాలులో అందరినీ పాడించి చూడండి. ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి: బృందంలో ట్రాన్స్ పురుషులు ఉన్నారో లేదో గురువుగారిని అడగండి. ట్రాన్స్‌జెండర్ అనగానే మనకు చీర కట్టినవారే గుర్తుకు వస్తారు, మృదంగం వాయించే ట్రాన్స్ అబ్బాయి ఎవరి జాబితాలోనూ ఉండడు.

కెమెరా విషయంలో జాగ్రత్త అవసరం. సొంత ఊరిలో అమ్మకు ఇంకా చెప్పనివారు ఉండవచ్చు. చెల్లెలి పెళ్ళి చూపుల నాటికి తన వీడియో బంధువుల వాట్సాప్‌లో తిరగకూడదని కోరుకునేవారు ఉండవచ్చు. యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం చేయాలని మీ కుర్రవాళ్ళు ఉబలాటపడతారు. ఒక్కొక్కరి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకొని, ఒప్పుకున్నవారి అంశాలను మాత్రమే తరువాత పెట్టండి, ఆ వీడియో కింద వ్యాఖ్యలు మూసివేయండి.

అల్లరి ఆపడం మీరు అనుకున్నంత కష్టం కాదు. ముందు వరుసలలో కుటుంబాలను, కళాకారుల సొంత మనుషులను కూర్చోబెట్టండి. వారిలో హిజ్రా సమూహాల పెద్దలైన గురువుల నీడన ఉంటున్నవారు ఉంటే ఆ గురువులకు మీరే స్వయంగా వెళ్ళి బొట్టు పెట్టి పిలుపు చెప్పండి, వారు హాలులో ఉన్న చోట ఆకతాయిలు ఎక్కువ మాట్లాడరు. వేదిక మీదికి ఎక్కి నోట్లు చల్లడం, డబ్బు చూపించి పిలవడం జరగరాదని వ్యాఖ్యాత మొదట్లోనే మర్యాదగా ప్రకటించాలి. మెచ్చుకొని డబ్బు ఇవ్వదలచినవారి కోసం తలుపు దగ్గర ఒక పెట్టె పెట్టి, వచ్చినది కళాకారులకు సమానంగా పంచండి. వెకిలిగా అరిచినవారిని ఒకసారి హెచ్చరించి, రెండవసారి బయటికి పంపే అధికారం ఇద్దరు ముగ్గురు కార్యకర్తలకు ఇవ్వండి, వారిలో ఎవరికీ మొహమాటం ఉండకూడదు. ఇంకొక రకం వారు కూడా వస్తారు, వారిది అల్లరి కాదు, భక్తి: రూపాయి బిళ్ళ ఇచ్చి దీవించి తిరిగి ఇమ్మని, పసిబిడ్డకు దిష్టి తీయమని అడుగుతారు. దీవించడం ఇష్టమైనవారు ప్రదర్శన తరువాత దీవిస్తారు, లేనివారు లేదు. ఆ రోజు వారు వచ్చింది ఆడడానికి, పాడడానికి అని మీవారికి గుర్తుంటే చాలు.

ఇంత చెప్పినా కార్యవర్గం ఒప్పుకోకపోతే, ఓటింగు పెట్టించి మరీ గెలవాలని నేను చెప్పను. ఒక్క ఓటు తేడాతో గెలిచిన హాలులో మిగతా సగం మంది ముఖాలు ముడుచుకొని కూర్చుంటే నలిగేది వేదిక మీది కళాకారులే. అభ్యంతరం చెప్పినవారిలో ఒకరిద్దరిని ముందుగా ఆ గురువుగారి తరగతికి తీసుకువెళ్ళి, పిల్లల అడుగులు చూపించండి. అప్పటికీ కుదరకపోతే పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణం ఎటూ ఉంది. అద్దె మీరు, మీతో ఏకీభవించినవారు పంచుకొని, సంఘం పేరు లేకుండానే జరపవచ్చు. తేదీ నిర్ణయించే ముందు కళాకారులను అడగడం మరచిపోకండి, ఆషాఢంలో బోనాల రోజులలో వారిలో చాలామందికి తీరిక దొరకదు. కరపత్రం అచ్చుకు వెళ్ళే ముందు ప్రూఫు గురువుగారికి చూపించండి.